ఎమర్జెన్సీకి పనికొస్తుందని దూరంగా చవకభూమి కొంటున్నారా, ముందు ఇవి చూస్కోండి

ఏదైనా పెద్ద ఆపదొస్తే ఇంటిల్లిపాదీ వెళ్ళి కొన్నాళ్ళు తలదాచుకోడానికి ఎక్కడో దూరంగా కాస్త నేల ఉంటే బావుండని చాలామందికి ఉంటుంది, అది మంచి ఆలోచనే, నేనూ గట్టిగా సపోర్ట్ చేస్తాను. కానీ ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూసి, ఎకరం ఇంత తక్కువా అని ఆశపడి, రేపటికి ఇంకెవరో ఎగరేసుకుపోతారని కంగారుపడి అడ్వాన్స్ పంపేసేవాళ్ళని చూస్తే మాత్రం భయమేస్తుంది. భూమి చవగ్గా వస్తోందంటే దాని వెనక ఏదో కారణం ఉండే ఉంటుంది. అదేంటో తెలిసేదాకా డబ్బు చెయ్యి దాటనివ్వకండి.

అన్ని కారణాలూ చెడ్డవేం కాదు లెండి. షాపులు దూరం, స్కూల్ లేదు, కరెంటు లైన్ రాలేదు, ఇలాంటివి అక్కడే కాపురం ఉండేవాళ్ళకి కష్టం గానీ ఆపదలో వెళ్ళేవాళ్ళు సర్దుకుపోవచ్చు, వీటివల్ల రేటు తగ్గితే మనకి లాభమే. నీళ్ళు లేకపోవడం, దారి హక్కు లేకపోవడం, కాయితాల్లో తేడాలు, వరదో కార్చిచ్చో వచ్చే చోటు కావడం, ఇవైతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

మొదట నీళ్ళు, నేనైతే మిగతావన్నీ దీని తర్వాతే చూస్తాను. విపత్తుల్లో సాయం చేసే సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం తాగడానికి, వంటకి, ఒంటి శుభ్రానికి కలిపి మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు కావాలి, అంటే నలుగురికి మూడు నెలలకి 5,400 లీటర్లు, ఇందులో మొక్కలకీ పశువులకీ చుక్క కూడా లెక్కెయ్యలేదు. ఇక్కడ ఎక్కడ దించినా బోరు పడుతుందండీ అని అమ్మేవాళ్ళు చెప్తారు, ఆ మాట పక్కన పెట్టి చుట్టుపక్కల పొలాలవాళ్ళ దగ్గరికెళ్ళి బోరు ఎన్ని అడుగులకి పడింది, ఎండాకాలం చివర్లో ఎంత పోస్తోంది, ఎన్ని ఫెయిలయ్యాయి అని అడగండి, ఫెయిలైన వాటి గురించి నిజం చెప్పేది వాళ్ళే. బోరుందని సంబరపడిపోకుండా కరెంటు లేనప్పుడు ఆ నీళ్ళు పైకెలా వస్తాయో కూడా ఆలోచించాలి, ఎందుకంటే నీటిని పైకి పీల్చే మామూలు చేతిపంపు దాదాపు 7 మీటర్ల లోతు దాటితే పనిచెయ్యదు, ఇంకా లోతైతే డీప్‌వెల్ చేతిపంపో సోలార్ పంపో పెట్టాల్సిందే. వాననీళ్ళ లెక్క మాత్రం చాలా తేలిక, ఒక చదరపు మీటరు కప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు, అంటే 50 చదరపు మీటర్ల రేకుల మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే కాస్త వృథా పోయినా 1,000 లీటర్లకి దగ్గర్లో వస్తాయి.

నీళ్ళు ల్యాబ్‌లో టెస్ట్ చేయించకుండా మాత్రం అస్సలు కొనొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దులు లీటరుకి ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50, ఆర్సెనిక్ 0.01. కాచి తాగుతాంలే అంటారు కొందరు, కాస్తే క్రిములు చస్తాయి గానీ ఈ మూడూ పోవు సరికదా నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడతాయి.

ఇక రూల్స్ సంగతి. "ఇక్కడ రూల్సేం లేవు, మీ ఇష్టమొచ్చినట్టు కట్టుకోండి" అన్న మాటకే సగంమంది పడిపోతారు. రూల్స్ ఒక్క ఆఫీసు నుంచే రావు, లోకల్ ఆఫీసుకి బిల్డింగ్ రూల్స్ లేకపోయినా పైనున్న ప్రభుత్వానికి ఉండొచ్చు, మరుగుదొడ్డికి హెల్త్ వాళ్ళవి, చెట్లకీ వాగుకీ ఇంకొకళ్ళవి, ఇవన్నీ కాక పాత ఓనరు అమ్మేటప్పుడు దస్తావేజులోనే రాయించిన షరతులు కూడా ఉండొచ్చు. అందుకే రూల్స్ ఉన్నాయా అని గుండుగుత్తగా అడిగితే లాభం లేదు. ఎంత చిన్న ఇల్లు కట్టుకోవచ్చు, టెంట్‌లోనో బండిలోనో ఏడాదికి ఎన్ని రోజులు ఉండనిస్తారు, మలాన్ని ఎరువుగా మార్చే కంపోస్ట్ టాయిలెట్ ఒప్పుకుంటారా, బోరుకి పర్మిషన్ కావాలా, వాననీళ్ళు నిలవ చేస్కోవచ్చా, భూమి కింద ఖనిజం మీద హక్కు ఎవరిది అని విడివిడిగా అడిగి జవాబు రాతపూర్వకంగా తీస్కోండి. ఇంకో విషయం చాలామందికి తట్టదు, మీకు రూల్స్ లేవంటే పక్కవాళ్ళకీ లేవన్నట్టే. రేపు మీ కంచెకి ఆనుకుని క్వారీయో, చెత్త డంపో, కోళ్ళ ఫారమో పెడితే ఆపమని చెప్పడానికి మీకు ఆధారం దొరక్కపోవచ్చు, కాబట్టి చుట్టూ ఉన్న ఖాళీ భూములు ఎవరివో, వాటిల్లో ఏం చేద్దామనుకుంటున్నారో కూడా కనుక్కోండి.

రూల్ లేదని మీరు కూడా జాగ్రత్త వదిలెయ్యకండి, మరుగుదొడ్డి గొయ్యి తాగేనీళ్ళ బావికి కనీసం 30 మీటర్ల దూరంలో, వాలుకి కింది వైపు ఉండాలి. నేల నీళ్ళు పీలుస్తుందో లేదో చూడ్డానికి ఓ చిన్న పరీక్ష ఉంది, అమ్మేవాళ్ళకి చెప్పి రెండడుగుల లోతు గొయ్యి తవ్వి నీళ్ళు నింపి రాత్రంతా నాననివ్వండి, పొద్దున్నే మళ్ళీ నింపి ఒక పుల్ల మీద గీతలు గీసి దాన్ని గుచ్చి, గంటలో నీళ్ళు ఎంత దిగాయో చూడండి. గంటైనా గీత దగ్గరే నిలబడి ఉంటే అది బంకమన్నో కింద రాయో, అక్కడ మామూలు సెప్టిక్ ట్యాంక్ నడవదు. బుడుక్కున ఇంకిపోతే అదీ మంచిది కాదు, మురుగు సరిగ్గా వడకట్టుకోకుండానే భూగర్భజలంలోకి దిగిపోతుంది.

దారి విషయంలో మొహమాటం అస్సలు వద్దు. కళ్ళకి బాట కనపడుతోందని ఊరుకోవద్దు, అది వేరేవాళ్ళ పొలంలోంచి వస్తుంటే ఆ దారి హక్కు రిజిస్టరై ఉండాలి, ఆయన మంచివాడు ఎప్పుడూ అడ్డం చెప్పలేదు అంటారు గానీ రేపు ఆ పొలం చేతులు మారితే గేటుకి తాళం పడుతుంది. వానాకాలంలో ఆ బాట మీద బండి దిగబడకుండా వస్తుందా, మధ్యలో కల్వర్టు లోడు బండిని మోస్తుందా చూడాలి. బయటికి రెండు దారులుండాలి, ఈ మాట నేను పట్టుబట్టి చెప్తాను. 2018 నవంబర్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరిని కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు గట్టు మీదున్న ఆ ఊరి నుంచి బయటపడే కొద్దిపాటి రోడ్లూ కార్లతో జామైపోయాయి, ఆ మంటల్లో 85 మంది చనిపోయారు. ఇంటి దగ్గర నించి అక్కడికి దూరం కూడా ఒక్క ట్యాంకుతో, దారిలో ఎక్కడా పెట్రోల్ పోయించుకోకుండా వెళ్ళగలిగేంతే ఉండాలి.

మీరు కొనే ముక్కనొక్కదాన్నే చూసి రాకండి, ఆపద చాలాసార్లు మీది కాని నేల మీంచి వస్తుంది. 2024 జూలై 30న కేరళలోని వయనాడ్‌లో కొండచరియ విరిగింది ఎక్కడో పైన, తుడిచిపెట్టుకుపోయింది మాత్రం వాగు వెంట కిందున్న ముండక్కై, చూరల్‌మల. అందుకే వాగు ఉంటే దాని వెంట పైకి నడవండి. పొదల్లో మనిషెత్తున గడ్డీ ప్లాస్టిక్ చిక్కుకుని ఉన్నాయా, చెట్ల మొదళ్ళకి ఒండ్రు మరక ఉందా, ఎండాకాలంలో కూడా జమ్ము పచ్చగా ఉందా, వాలు మీద చెట్లు మొదట్లో వంగి పైన నిటారుగా లేచాయా, ఇవన్నీ నీరూ మట్టీ కదిలే చోటని చెప్పే గుర్తులు. నూరేళ్ళకోసారి వచ్చే వరదలెండి అంటే ధీమా పడకండి, అంటే ఏటా 1 శాతం అవకాశం అని, 30 ఏళ్ళు లెక్కేస్తే దాదాపు 26 శాతం. కార్చిచ్చు వచ్చే ప్రాంతమైతే కొండ కొమ్మున ఇల్లు వద్దు, మంట కింద నించి పైకి ఎగబాకుతుంది, ఆ వాలు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని పరుగు దాదాపు రెట్టింపవుతుంది.

కాయితాలు మీ సొంత లాయరుతోనే చూపించండి, అమ్మేవాళ్ళు కుదిర్చిన లాయరుతో వద్దు. హద్దులు సర్వేయరు చేత నేల మీద కొలిపించండి, పాత అప్పులూ పన్ను బకాయిలూ తేల్చుకోండి. నెలనెలా కంతుల మీద ఇస్తామనేవాళ్ళ అగ్రిమెంట్ ఒకటికి రెండుసార్లు చదవండి, ఇలాంటి వాటిల్లో ఆఖరి కంతు కట్టేదాకా భూమి వాళ్ళ పేరు మీదే ఉండి, మధ్యలో ఒకటి రెండు తప్పితే కట్టిందంతా పోయేలా రాసినవి ఉంటాయి.

ఇదంతా అయ్యాక సంతకానికి ముందు ఓసారి అమ్మేవాళ్ళని అడిగి, ఏడాదిలో ఆ చోటుకి బాగా చెడ్డ సీజన్ ఏదో ఆ టైమ్‌లోనే, పెద్దవాళ్ళతో పిల్లలతో సహా వెళ్ళి ఒక రాత్రి టెంట్ వేస్కుని ఉండండి. పెద్దవాళ్ళు ఆ దారి నడవగలరా, వాళ్ళ మందులు ఎన్నాళ్ళకి నిలవుంచాలి, రాత్రిపూట ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది, రేడియో అందుతోందా అన్నీ అక్కడే తెలిసిపోతాయి. ఒక్క రాత్రి ఉండనివ్వడానికి కూడా అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే ఎందుకో అడగండి, సరైన జవాబు రాకపోతే ఆ బేరం వదిలేసి ఇంకోటి చూస్కోండి.