రాణి చీమ ట్యూబులో వణుకుతోందా? ముందు గోడ మీద ప్లగ్ పాయింట్ చూడండి

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం ఒక వాన పడి ఆగితే చాలు, మర్నాటి నుంచి ఇంట్లో చీమలను పెంచాలనుకునేవాళ్ల ఫోటోలు నాకు మొదలవుతాయి. టెస్ట్ ట్యూబు, అడుగున నీళ్లు, నీళ్లకు అడ్డంగా దూది, దాన్ని ఆనుకుని నల్లటి గండు చీమ రాణి. ఫోటో కింద అదే ప్రశ్న: "అన్నా, నాలుగు రోజులైంది, ఇంకా గుడ్లు పెట్టలేదు. ఏం చెయ్యాలి?" నేనూ ప్రతిసారీ ఒకటే అడుగుతాను: ఈ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు తీసి చూశావు? అటునుంచి కాసేపు జవాబు రాదు.

ట్యూబు సిద్ధం చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. తేడా వస్తే ఎక్కడ వెతకాలన్నదే ఇక్కడ సంగతి. అందరూ ట్యూబు లోపల వెతుకుతారు. నేను చూసిన కేసుల్లో చాలావరకు తప్పు ట్యూబు బయటే దొరికింది.

అసలు పట్టుకున్నది రాణేనా?

నవ్వకండి. మారతహళ్లి నుంచి ఒకతను ఉసిళ్లను ట్యూబులో పెట్టి, వారం తర్వాత గుడ్లేవని అడిగాడు. వానకు దీపం చుట్టూ మూగేవన్నీ చీమలు కావు. ఉసిళ్లు చెదల జాతి. వాటికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, సన్నటి నడుము ఉండదు, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. చీమకు నడుము సన్నం, మీసం మోచేయిలా వంగుతుంది, ముందు రెక్కలు వెనకవాటికన్నా పెద్దవి. రెక్కలుండి, ఒళ్లు సన్నగా, తల చిన్నగా ఉంటే అది మగ చీమ. ఎంత సాకినా కొద్దిరోజులే. వీపు బాగా ఉబ్బి, రెక్కలు ఊడిన చోట చిన్న మచ్చలు కనిపిస్తే అది రాణి. పార్కులో ఒంటరిగా తిరిగే డయాకామా అనే పెద్ద నల్ల చీమను తెచ్చుకుంటే మాత్రం ఆశ వదులుకోండి. ఆ జాతిలో రాణులే ఉండవు, పనిచీమల్లోనే ఒకటి గుడ్లు పెడుతుంది.

గుడ్లు పెట్టట్లేదు, లేదా పెట్టినవి మాయమయ్యాయి

కారణం మీరే, మీ ఫోన్ టార్చి. గండు చీమ రాణి పుట్టింటి నుంచి సద్ది కట్టుకునే వస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వును, ఇక ఎగరక్కర్లేదు కాబట్టి రెక్కల కండరాలను కరిగించుకుని మొదటి కాన్పు పిల్లలను పెంచుతుంది. అన్నాళ్లూ తిండి అడగదు. కానీ వెలుతురు పడినా, ట్యూబు అదిరినా తన గూటికి ముప్పు వచ్చినట్టే లెక్క. అప్పుడు గుడ్లను తనే తినేస్తుంది. ఎలాగూ దక్కవనుకున్నప్పుడు ఆ బలమైనా ఒంటికి పడుతుంది కదా.

చీకటి డబ్బాలో పెట్టి మూత వేయండి. వారానికి ఒక్కసారి, పది సెకన్లు చూస్తే చాలు. వెచ్చగా ఉంటుందని ఫ్రిజ్ మీద పెట్టేవాళ్లున్నారు. కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ ఆ రాణికి భూకంపమే. వాషింగ్ మెషీన్ దగ్గరా అంతే. రెండు వారాలు ముట్టుకోకుండా ఉండి, అప్పటికీ గుడ్లు లేకపోతే అడగండి. గుడ్డు పనిచీమగా మారడానికి సుమారు నెలన్నర పడుతుంది, బెంగళూరు డిసెంబరు చలిలో ఇంకా ఎక్కువ.

ఒక మినహాయింపు ఉంది. పొడవాటి దవడలతో ఎగిరి దూకే హార్పెగ్నాథోస్ రాణి దొరికితే దానికి ముందు నుంచే వేట కావాలి, చిన్న పురుగులు వేయాలి. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1851లో లోకానికి చెప్పిన చీమ అది, అందుకని నాకు కాస్త అభిమానం. మొదటిసారి పెంచేవాళ్లు మాత్రం దాని జోలికి పోకండి.

ట్యూబులో వరద, దూదికి బూజు

ఎండ తగిలితే నీళ్ల వెనక ఉన్న గాలి వ్యాకోచించి నీళ్లను దూదిలోంచి ముందుకు నెడుతుంది. కిటికీ పక్క నుంచి తీసేయండి. రాణి తడిస్తే కొత్త ట్యూబును పాతదాని మూతికి మూతి ఆనించి టేపు వేసి, కొత్తదాన్ని గుడ్డతో కప్పి, పాతదానికి కాస్త వెలుతురు తగలనివ్వండి. గుడ్లు నోట కరుచుకుని అదే మారుతుంది. దులపకండి. బూజు దూదికే ఉంటే వదిలేయండి.

కాళ్లు వణుకుతున్నాయి, వెల్లకిలా పడుతోంది

ఇక్కడ నిదానంగా చదవండి. నేను మూడు రాణులను పోగొట్టుకుని నేర్చుకున్నది ఇదే.

బీటీఎం లేఅవుట్‌లో ఉన్నప్పుడు ఒకే సాయంత్రం వీధి దీపం కింద నాలుగు రాణులు దొరికాయి. మూడింటిని బెడ్‌రూమ్ కబోర్డులో, స్వెట్టర్ల వెనక పెట్టాను. చీకటి, నిశ్శబ్దం, ఎవరూ ముట్టుకోరు. నాలుగోదానికి డబ్బాలో చోటు లేక వంటింటి అటక మీద, చింతపండు జాడీ వెనక పెట్టి మర్చిపోయాను. తొమ్మిదో రోజు కబోర్డు తెరిచి చూస్తే మొదటి రాణి ఎడమ వెనక కాలు ఒక్కటే సన్నగా అదురుతోంది, మీటి వదిలిన తీగలా. నడవబోయి పక్కకు ఒరిగింది. మర్నాడు వెల్లకిలా పడి, ఆరు కాళ్లూ గాల్లో తొక్కుతోంది.

నీళ్లనుకున్నాను, ఫిల్టర్ నీళ్లు పోశాను. దూదిలో ఏదైనా మందు ఉందేమోనని వేరే ప్యాకెట్ తెచ్చాను. చలి అనుకుని డబ్బాకు టవల్ చుట్టాను. అన్నీ చేసి మళ్లీ అదే కబోర్డులో పెట్టాను. వారం తిరక్కుండా మూడూ పోయాయి. అటక మీద రాణి మాత్రం తొమ్మిది గుడ్లను కుప్పగా పేర్చుకుని కులాసాగా ఉంది. అప్పుడు అనంతపురం నుంచి అమ్మ వచ్చి ఉంది. నా గోలంతా విని, కబోర్డు పక్కన ప్లగ్గు వైపు చూపించి అంది: "రాత్రంతా అది వేసే పడుకుంటారు. ఆ మందుకు దోమేదో, చీమేదో ఏం తెలుసురా?"

దోమల లిక్విడ్ మెషీన్. కబోర్డుకు జానెడు దూరంలో, ప్రతి రాత్రీ, కిటికీలు మూసి.

ఆ లిక్విడ్లలో ఉండేది ట్రాన్స్‌ఫ్లూత్రిన్, ప్రాలెత్రిన్ లాంటి పైరెథ్రాయిడ్ మందు. అది పురుగు నరాల్లో సోడియం వెళ్లే దారులను సరిగా మూసుకోనివ్వదు. నరం ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ వణుకు అదే. మన ఒళ్లు ఆ మందును తొందరగా విరిచేస్తుంది కాబట్టి మనకు తెలియదు. అక్వేరియం ఉన్నవాళ్లకు తెలుసు, చేపలకు ఇది మహా విషం. ట్యూబుకు దూది ఉంది కదా అంటారు. చీమకు ఊపిరాడాలనే కదా దూది పెట్టింది? గాలి వచ్చే దారినే మందూ వస్తుంది.

తేడా ఇలా పట్టుకోండి. దాహంతోనో ఆకలితోనో నీరసించిన రాణి మెల్లగా నడుస్తుంది, పొట్ట చిక్కిపోతుంది, అయినా అడుగు తిన్నగానే పడుతుంది. మందు తగిలిన రాణి పొట్ట నిండుగానే ఉంటుంది, నడక మాత్రం తాగినవాడిలా ఉంటుంది. రాత్రి బాగుండి పొద్దునకు ఇలా అయితే ఇక అనుమానమే అక్కర్లేదు.

వెంటనే గది మార్చండి. ట్యూబు, దూది రెండూ కొత్తవి కావాలి, పాత దూది ఆవిరి పీల్చుకుని ఉంటుంది. తనంతట తను మారేదాకా ఆగమని ఇందాక చెప్పాను, ఇక్కడ ఆగకండి. మెత్తటి పెయింట్ బ్రష్‌తో ఇప్పుడే మార్చండి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, ఒంటికి దోమల క్రీము రాసుకున్న చేత్తో ముట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. కాళ్ల మీద నిలబడగలిగే రాణి బతకొచ్చు, మూడు నాలుగు రోజులు కదిలించకండి. వెల్లకిలా పడ్డది లేచినట్టు నేను చూడలేదు.

కొత్త చోటు మంచిదో కాదో తేల్చుకోవడానికి రాణిని బలి పెట్టకండి. పెరట్లో మామూలు పనిచీమలను నాలుగైదు పట్టి, సగం అనుమానమున్న చోట, సగం వంటింట్లో, తడి దూదితో రెండు ట్యూబుల్లో పెట్టి రెండు రాత్రులు చూడండి. ఒకచోటివి తూలుతుంటే తేలిపోయినట్టే.

బట్టల మధ్య కలరా ఉండలు ఉన్న బీరువా కూడా పనికిరాదు. పీజీలో బాత్రూమ్ షెల్ఫ్ చీకటిగా ఉందని మురిసిపోయేవాళ్లు వాష్‌బేసిన్ జాలీలో వేసిన ఉండలను చూడరు. త్రీ షేరింగ్ గదిలో రూమ్మేట్లు లిక్విడ్ మానరు, వాళ్లననీ లాభం లేదు. ట్యూబును ఆఫీసు డ్రాయర్లో పెట్టుకున్న కుర్రాడున్నాడు, ఆ రాణికి ఇప్పుడు పనిచీమలు వచ్చాయి. అపార్ట్‌మెంట్లో పెస్ట్ కంట్రోల్ రోజు, వీధిలో ఫాగింగ్ బండి తిరిగే రోజు ట్యూబును వేరే ఇంటికి పంపేయండి.

బుల్లి చీమలు ట్యూబులోకి దూరుతున్నాయి

ఇంట్లో తిరిగే చలిచీమలు దూది సందుల్లోంచి వెళ్లి గుడ్లు ఎత్తుకుపోతాయి. డబ్బా చుట్టూ చీమల చాక్‌పీస్ గీయకండి. పైన ఇంత చెప్పాక కూడా గీస్తారని నాకు తెలుసు. అదీ ఆ జాతి మందే. అమ్మమ్మలు బెల్లం డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టేవారు, మీరూ అదే చేయండి. నీళ్లలో ఒక చుక్క సబ్బు వేస్తే ఈదుకుంటూ కూడా రాలేవు.

మిగతావి

పిల్లలన్నీ రెక్కల మగ చీమలే అయితే రాణి జత కట్టలేదు. దానికి మందు లేదు, తీసుకెళ్లి చెట్టు కింద వదిలేయండి. చీమ ఒంటికి పట్టే బుల్లి నల్లులు (మైట్స్), పరాన్నజీవి ఈగలు అని భయపెట్టేవి చదివి టెన్షన్ పడకండి. బయట నుంచి తెచ్చిన ఒంటరి రాణిలో నాకు ఇన్నేళ్లలో రెండుసార్లు కనిపించాయేమో.

మొదటి పనిచీమలు వచ్చాక చచ్చిపోతుంటే తేనె ఎక్కువైంది, అందులో అంటుకుపోతున్నాయి. గుండుసూది మొనకు పట్టినంత పంచదార నీళ్లు చాలు. మాంసానికి ఒక దోమ వేయండి, కరెంటు బ్యాట్‌తో కొట్టింది అయితే మంచిది. లిక్విడ్‌కు పడిపోయిన దోమను మాత్రం వేయకండి.