సౌలు ఉంచుకున్న గొర్రెలు

గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఏళ్లు కమిషన్ కొట్టు నడిపాను. 1842లో హయ్యర్ దొర ఇక్కడ మొదలుపెట్టిన లూథరన్ మిషన్‌లో తాతల నాటి నుంచి ఉన్న కుటుంబం మాది. ఆదివారం గుడి తప్పలేదు, దశమభాగం తప్పలేదు. మచ్చు (నమూనా) పేరుతో రైతుల టిక్కీల్లోంచి, అంటే మిర్చి బస్తాల్లోంచి, తీసిన కాయలు మాత్రం అమ్ముకునేవాణ్ణి.

పూర్తి విధేయత నేర్చుకోవాలంటే ముందు బైబిల్లో మొదటి సమూయేలు 15వ అధ్యాయం చదవండి. శత్రువులది ఏదీ మిగల్చవద్దని దేవుడు రాజైన సౌలుకు చెప్పాడు. సౌలు యుద్ధానికి వెళ్లాడు, గెలిచాడు, మంచి గొర్రెల్ని మాత్రం ఉంచుకున్నాడు. పైగా అవి బలి కోసమన్నాడు! చదివాక, మీరు ఉంచుకున్న గొర్రె ఏదో కాగితం మీద రాయండి. ఒక్కటే రాయండి. పది రాస్తే ఏదీ వదలం.

ప్రార్థన చేయండి, కానీ దేవుడు ఇప్పటికే చెప్పినదాన్ని మళ్లీ అడుగుతూ కూర్చోకండి. నేను ఏళ్ల తరబడి చేసింది అదే. కాగితం మీద రాసిన రోజే, పొద్దుగూకేలోపు దాన్ని వదలడం మొదలుపెట్టండి.

ఎవరికైనా బాకీ ఉంటే, లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్యలాగా లెక్కకట్టి ఇవ్వండి. నేను పాత చిట్టాలు తీసి, ప్రత్తిపాడు వైపు రైతుల ఇళ్లకు బస్సులో వెళ్లాను. మొదటి గుమ్మం దగ్గర నోరు పెగల్లేదు. ఆ పెద్దాయన మంచినీళ్లిచ్చి, "రా అయ్యా, కూర్చో" అన్నాడు. డబ్బు చేతిలో పెట్టి, ఎందుకో చెప్పాను. కారణం దాచి ఇవ్వకండి, అది దానమైపోతుంది.

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. మా ఆవిడ గాజులకని దాచుకున్న డబ్బు తెచ్చి కలిపింది. ఇంకా నాలుగు ఇళ్లు మిగిలాయి, శనివారం వెళ్తున్నాను.