డాబా ఇంట్లో వేడి ఎటు నుంచి వస్తోందో కనిపెట్టి తగ్గించడం ఎలా?

పై అంతస్తులో ఉండేవాళ్లకు వేసవిలో పగటికంటే రాత్రే ఎక్కువ ఉక్క. పగలంతా ఎండకు కాగిన స్లాబు సాయంత్రం నుంచి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఫ్యాన్ ఎంత పెంచినా వచ్చేది ఆ వేడిగాలే. ఏసీ కొనే ముందు ఈ పని చేసి చూడండి.

1. వేడి చోటు పట్టుకోండి. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య ఫ్యాన్ ఆపి, స్టూలెక్కి స్లాబుకు అరచేయి ఆనించండి. తర్వాత ఒక్కో గోడా తాకి చూడండి. అంకెల్లో కావాలంటే తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడొచ్చు. జ్వరం చూసేది పనికిరాదు, వర్క్‌షాపుల్లో వాడే రకం కావాలి. మెరిసే స్టీలు, రేకుల మీద అది తప్పు చూపిస్తుంది. అక్కడ కాస్త మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద కొలవండి.

2. పడమటి గోడ కాలుతుంటే నీడ బయట వేయండి. తడకైనా, గ్రీన్ నెట్ అయినా సరే. లోపల కర్టెన్ కడితే గోడ వేడి ఆగదు.

3. స్లాబు కాలుతుంటే డాబా పైన సున్నం వేయండి, తెలుపు ఎండను తిప్పికొడుతుంది. ముందు నాచు గీకి, కడిగి, పగుళ్లు పూడ్చండి. కారే స్లాబుకు సున్నం మందు కాదు. రాతి సున్నాన్ని ముందురోజే ఇనప డ్రమ్ములో నానబెట్టండి. అది కుతకుత ఉడుకుతుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్ వద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. మర్నాడు గుడ్డతో వడగట్టి, కొంచెం ఫెవికాల్ కలపండి. ఎండ తగ్గాక స్లాబు తడిపి ఒక పూత, అది ఆరాక అడ్డంగా ఇంకో పూత వేయండి. డబ్బుంటే ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ ఇంకా మేలు, కొన్నేళ్లు నిలుస్తుంది.

4. తేడా కొలవండి. ఒక మూల అడుగు మేర సున్నం వేయకుండా వదిలి, మధ్యాహ్నం రెండు చోట్లా కొలిచి చూడండి.

తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ 600 గజాలు, అంతకు పైబడిన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇలా ఎండను తిప్పికొట్టే కప్పును తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్నవాటికి యజమాని ఇష్టం. నా ఉద్దేశంలో ఏసీ పెట్టుకోలేని ఆ చిన్న ఇళ్లకే ఇది ముందు అందాలి.

దుమ్ము పడితే తెలుపు సరిగా పనిచేయదు, అప్పుడప్పుడు ఊడ్చి కడగండి. వానలకు సున్నం కొట్టుకుపోతుంది, ఏటా ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ వేయాల్సిందే. వాన నీళ్లు పట్టుకునేవాళ్లు తొలి వానల నీటిని సంపులోకి వదలొద్దు.