పదో తరగతి తర్వాత చదువు ఎంచుకునే ముందు వేసుకోవలసిన లెక్క

పదో తరగతి ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో ఇంటర్‌ ఎంపీసీ, ఆపై బీటెక్‌ అన్న నిర్ణయం జరిగిపోతుంది; ఆ చదువుకు ఎంత ఖర్చవుతుందో, సంపాదన ఏ ఏడు మొదలవుతుందో కాగితం మీద రాసి చూసుకునేవారు తక్కువ.

ముందుగా ఖర్చు రాయండి. ఫీజు, హాస్టలు, పుస్తకాలతో పాటు, చదివే ఏళ్లలో పనికి వెళ్తే వచ్చేదీ చదువు కోసం వదులుకునేదీ అయిన జీతాన్ని కూడా అందులో కలపాలి. ప్రపంచ దేశాల గణాంకాలపై ఆర్థికవేత్తలు సకరోపులోస్‌, పాట్రినోస్‌ 2018లో వెలువరించిన సమీక్షలో, ఒక్కో అదనపు ఏడాది చదువుకు ఆదాయం సగటున 9 శాతం మేర పెరుగుతోందని తేలింది. అది సగటు మాత్రమే కాబట్టి, మీ పిల్లలు చేరబోయే కోర్సు, కళాశాల ఏవన్నది విడిగా చూసుకోక తప్పదు.

తర్వాత దారులను పక్కపక్కన పెట్టి చూడండి. ఐటీఐలో చాలా ట్రేడులు ఒకటి లేదా రెండేళ్లవి. పాలీసెట్‌ ప్రవేశ పరీక్ష రాసి చేరే ఇంజినీరింగ్‌ డిప్లొమా సాధారణంగా మూడేళ్లది. అది పూర్తయ్యాక ఈసెట్‌ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్‌ రెండో సంవత్సరంలో చేరవచ్చు. అంటే ఇంటర్‌ మీదుగా వెళ్లినా, డిప్లొమా మీదుగా వెళ్లినా బీటెక్‌ పట్టా చేతికి వచ్చేది ఆరేళ్లకే. కానీ ఇంట్లో పరిస్థితి తారుమారై మధ్యలో ఆగవలసి వస్తే, డిప్లొమా పూర్తి చేసిన వారికి మూడేళ్లకే జూనియర్‌ ఇంజినీరు వంటి ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకునే అర్హత ఉంటుంది. ఇంటర్‌ ఎంపీసీతో ఆగిన వారికి అది ఉండదు. ఆదాయం నిలకడగా లేని కుటుంబాలు ఈ తేడాకే ఎక్కువ విలువ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు డిప్లొమా మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు భారమవుతాయి గనుక, వేసవిలోనే కొంత సాధన చేయించండి.

కళాశాలలో అత్యధిక ప్యాకేజీ ఎంతని అడగకండి. ఆ బ్రాంచిలో గత ఏడాది చదువు ముగించిన వారిలో ఎందరికి ఉద్యోగం వచ్చింది, జీతాలను వరుసగా పేర్చితే నడిమి స్థానంలో ఉన్నవారి జీతమెంత అని అడగండి, ఆ జవాబును సీనియర్లతో సరిచూసుకోండి.

విద్యారుణం తీసుకుంటే, వాయిదాలు సాధారణంగా కోర్సు ముగిసిన ఏడాది తర్వాతే మొదలైనా, వడ్డీ మాత్రం డబ్బు విడుదలైన నాటి నుంచే పెరుగుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌ ఆలస్యమైతే కళాశాలలు విద్యార్థులనే కట్టమంటున్న సందర్భాలున్నాయి కనుక, ఒక ఏడాది ఫీజుకు సరిపడా సొమ్ము విడిగా ఉంచుకోండి. ఆడపిల్లకైనా, మగపిల్లవాడికైనా ఇదే లెక్కను ఇదే శ్రద్ధతో వేయండి.