లాగిన్ అవుతుంది, ఫైళ్ల లిస్టు మాత్రం రాదు: ఎఫ్‌టీపీకి ఫైర్‌వాల్ అడ్డుపడితే

ఈ మధ్య ఒక ప్రింటింగ్ ప్రెస్ నుంచి రాత్రి తొమ్మిదింటికి ఫోన్. పేజీలు పంపాలి, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ ఫైల్‌జిల్లా లాగిన్ అవుతోంది కానీ అవతలి ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. ఇరవై సెకన్లు ఆగి, ఎర్ర అక్షరాల్లో 'కనెక్షన్ టైమ్డ్ అవుట్', దాని కింద 'ఫెయిల్డ్ టు రిట్రీవ్ డైరెక్టరీ లిస్టింగ్'. టెన్షన్‌లో అప్పటికే మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చేశారు. పాస్‌వర్డ్ తప్పయితే లాగ్‌లో (సర్వర్‌తో నడిచే మాటలు వరుసగా కనిపించే చోట) 530 అని వస్తుంది. 230 కనిపించిందంటే లాగిన్ అయిపోయినట్టే, ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు.

లిస్టు దగ్గరే ఎందుకు ఆగుతుంది?

ఎఫ్‌టీపీ అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే పద్ధతి, దానికి రెండు కనెక్షన్లు కావాలి. 21వ పోర్టు (కంప్యూటర్‌లోకి నంబరున్న ద్వారం లాంటిది) మీద కమాండ్లు నడుస్తాయి. లిస్టుకైనా ఫైలుకైనా ప్రతిసారీ ఇంకో కనెక్షన్ తెరవాలి. ఆక్టివ్ మోడ్‌లో ఆ రెండోదాన్ని సర్వరే మన కంప్యూటర్‌కు తెరుస్తుంది. బయటి నుంచి పిలవకుండా వచ్చేదాన్ని ఆపడమే ఫైర్‌వాల్ పని, కాబట్టి ఆపేస్తుంది. పాసివ్ మోడ్‌లో రెండూ మన వైపు నుంచే మొదలవుతాయి. ఫైర్‌వాల్ ఉన్నచోట పాసివ్ వాడమని 1994లోనే ఆర్‌ఎఫ్‌సీ 1579 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం చెప్పింది.

లాగ్‌లో చివరి కమాండ్లు చూడండి. 'పోర్ట్' అని ఉంటే ఆక్టివ్, 'పాస్వ్' అని ఉంటే పాసివ్. ప్రెస్‌లో 'పోర్ట్' అనే ఉంది. ఎడిట్ మెనూలోని సెట్టింగ్స్‌లో పాసివ్ పెట్టే ఉన్నా, సైట్ మేనేజర్‌లో ఆ ఒక్క సైటుకు ఎవరో ఆక్టివ్ ఎంచుకున్నారు. అక్కడి ట్రాన్స్‌ఫర్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో పాసివ్ చేయగానే లిస్టు వచ్చేసింది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఉండే ఎఫ్‌టీపీ కమాండ్‌కైతే పాసివ్ మోడ్ రాదు. దాంతో కుస్తీ పట్టకుండా వేరే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి.

పాసివ్‌లో ఉన్నా రావడం లేదంటే

తప్పు ఎక్కువగా సర్వర్ వైపు ఉంటుంది. లాగ్‌లో 227తో మొదలయ్యే లైను పట్టుకోండి. బ్రాకెట్లలో ఆరు సంఖ్యలుంటాయి, ఉదాహరణకు (192,168,1,20,195,149). మొదటి నాలుగూ ఐపీ అడ్రస్. చివరి రెండిటిలో పోర్టు ఉంటుంది: 195ను 256తో గుణించి 149 కలిపితే 50069. సర్వర్ మనల్ని రమ్మంటున్నది ఈ అడ్రస్‌కే. కానీ 192.168తో మొదలయ్యేది వాళ్ల ఆఫీసు లోపలి అడ్రస్, బయటివాళ్లు అక్కడికి వెళ్లలేరు. ఫైల్‌జిల్లా ఈ పొరపాటును గుర్తించి అసలు సర్వర్ అడ్రస్‌నే వాడుకుంటుంది. అన్ని సాఫ్ట్‌వేర్లూ అలా సర్దుకోవు. 'నాకు పనిచేస్తోంది, వాళ్లకెందుకు రాదు' అనే వాదనలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

సర్వర్ చూసేవాళ్లు మూడు చోట్లా ఒకే మాట ఉండేలా చేయాలి. సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో పాసివ్ పోర్టులకు ఒక రేంజ్ ఇవ్వండి, 50000 నుంచి 50100 దాకా అనుకుందాం. అదే రేంజ్‌ను ఆ మెషీన్ ఫైర్‌వాల్‌లో తెరవండి, రౌటర్‌లో ఫార్వర్డ్ చేయండి. బయటి ఐపీని కూడా పాసివ్ సెట్టింగుల్లోనే రాయండి. చిన్న ఆఫీసుకు వంద పోర్టులు ధారాళంగా సరిపోతాయి. 21 ఒక్కటే తెరిచి వదిలేయడమే నేను ఎక్కువగా చూసే పొరపాటు.

ఫైర్‌వాల్ మొత్తం ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయకండి. మీ కంప్యూటర్‌లో ఆపినా మధ్యలో రౌటర్ ఉంటుంది, సమస్య అలాగే ఉండొచ్చు, రక్షణ మాత్రం పోతుంది.

టీఎల్‌ఎస్ పెడితే ఆగిపోతోంది

కొన్ని ఫైర్‌వాల్‌లు 21వ పోర్టు సంభాషణను చదివి, రెండో కనెక్షన్‌కు కావాల్సిన పోర్టును అప్పటికప్పుడు తెరుస్తాయి. టీఎల్‌ఎస్ అంటే సంభాషణను ఇతరులు చదవలేకుండా చేసే రక్షణ, అది పెట్టగానే ఆ మాటలు వాటికి అర్థం కావు. అలాగని టీఎల్‌ఎస్ తీసేస్తే పాస్‌వర్డ్ నెట్‌వర్క్‌లో బాహాటంగా వెళ్తుంది. పైన చెప్పినట్టు రేంజ్ తెరవడమే దారి.

పెద్ద ఫైలు నూరు శాతం దాకా వెళ్లి వేలాడుతోంది

ఫైలు వెళ్తున్నంతసేపూ 21వ పోర్టు కనెక్షన్ ఖాళీగా ఉంటుంది, ఫైర్‌వాల్ దాన్ని మధ్యలో తెంచేస్తుంది. మళ్లీ పంపే ముందు అవతలి ఫైలు సైజు చూడండి, చాలాసార్లు పూర్తిగానే చేరి ఉంటుంది. ఫైర్‌వాల్‌లో ఐడిల్ టైమవుట్ (ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను ఎంతసేపు ఉంచాలనే గడువు) పెంచితే ఈ బాధ తగ్గుతుంది.

అవతలి సర్వర్ ఎస్‌ఎఫ్‌టీపీ ఇస్తుందేమో ఒకసారి అడగండి. ఫైళ్లు పంపే ఈ వేరే పద్ధతి ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన కనెక్షన్ మీద నడుస్తుంది, కమాండ్లూ ఫైళ్లూ అన్నీ మామూలుగా ఒక్క 22వ పోర్టులోనే వెళ్తాయి. ప్రెస్ వాళ్లు మర్నాడే అడిగారు, ఉందన్నారు. సైట్ మేనేజర్‌లో ప్రోటోకాల్ మార్చి, ఫైర్‌వాల్‌లో ఒక్క రూల్ రాశాం.