మాంటెరీ బేలో వసంతకాలపు తిమింగలాలు: పడవ ఎక్కేవారికి

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగువాళ్ళకి మాంటెరీ ఒక్క రోజులో వెళ్ళొచ్చే దూరమే. గ్రే వేల్ (బూడిదరంగు తిమింగలం) తల్లులు మెక్సికోలో పుట్టిన పిల్లల్ని వెంటేసుకుని ఏప్రిల్, మే నెలల్లో ఇటుగా ఉత్తరానికి వెళ్తాయి. అవి లోతైన సముద్ర లోయ దాటేచోట ఓర్కాలు (కిల్లర్ వేల్స్) ఆ పిల్లల్ని వేటాడడానికి మాటు వేస్తాయి. అందుకే మా ఓటు ఏప్రిల్ నెలాఖరుకే.

ఉదయం ట్రిప్పే బుక్ చేయండి. వసంతంలో మధ్యాహ్నానికి వాయవ్య గాలి లేచి అలలు పెరుగుతాయి.

వాంతుల మాత్ర పడవ కదిలాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. డాక్టరునడిగి, కనీసం గంట ముందే వేసుకోండి. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, రెండు ఇడ్లీలు చాలు. కేబిన్‌లో కూర్చోకుండా బయట, పడవ మధ్యలోనో వెనకనో నిలబడి దిగంతాన్ని చూడండి. ఫోన్‌లోకి తల వంచారో, కడుపులో తిప్పడం మొదలు.

ఊళ్ళో ఎండగా ఉన్నా స్వెటరు, దానిపైన గాలి చొరబడని జాకెట్టు తప్పనిసరి. బైనాక్యులర్ 7 లేదా 8 రెట్లది చాలు. 10 రెట్లదైతే పడవ ఊపుకి బొమ్మ నిలవదు.

ముందు ఊపిరి తుంపర కోసం వెతకండి. గ్రే వేల్‌ది ఎదురుగా చూస్తే హృదయాకారంలో ఉంటుంది. మూడు నుంచి ఐదుసార్లు ఊపిరి వదిలి, మూడు నుంచి ఐదు నిమిషాలు మునుగుతుంది. తోక కొట్టినచోట నీళ్ళు నూనె ఒలికినట్టు నున్నగా మెరుస్తాయి. చూపు అక్కడే ఉంచకుండా, అది సాగుతున్న దిక్కున ముందుకి జరపండి.

తిమింగలానికి 100 గజాలలోపుకి వెళ్ళమని కెప్టెన్‌ని ఒత్తిడి చేయకండి. పక్కన పిల్ల ఉంటే మరీను.