గాలివానకు నిలిచే జీడి, మామిడి: గొయ్యి తీయడం నుంచి కొమ్మ కోత దాకా

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. అంత గాలికి ఏ చెట్టయినా నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఏటా వచ్చే మామూలు గాలివానలకే చీలిపోయే, వేళ్లతో సహా లేచిపోయే చెట్లను దగ్గరగా చూడండి. చాలావాటిలో తప్పు మొదటి మూడేళ్లలో జరిగిందే అయి ఉంటుంది: సంచిలోనే చుట్టుకుపోయిన తల్లివేరు, అంటు కట్టిన చోట తీయకుండా వదిలేసిన ప్లాస్టిక్ టేపు, ఒకే చోటు నుంచి పోటీపడి లేచిన రెండు మానులు.

గోతులు ఎండల్లోనే, ఏప్రిల్–మే నెలల్లో తీసుకోవాలి. జీడికి పొడవు, వెడల్పు, లోతు 60 సెంటీమీటర్లు చాలు; మామిడికి మీటరు. గరువు భూముల్లో అడుగున గట్టి పొర తగిలితే జీడికి కూడా మీటరు తీయక తప్పదు. పైమట్టి ఒకవైపు, అడుగు మట్టి మరోవైపు పోసి రెండు మూడు వారాలు ఎండనివ్వండి. పూడ్చేటప్పుడు పైమట్టిలో బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) 10–15 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ అర కిలో, వేపపిండి కిలో కలపాలి. ఇది జీడి గోతికి. మామిడి గోతికి గెత్తం 50 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోల దాకా పడుతుంది. పచ్చి పేడ వేస్తే చెదలనూ వేరుపురుగునూ పిలిచి కూర్చోబెట్టినట్టే.

ఎడం విషయంలో ఆశపడకూడదు. జీడికి 8 మీటర్లు, అంటే ఎకరాకు సుమారు 63 మొక్కలు. మామిడికి 10 మీటర్లు, ఎకరాకు 40. మొదటి నాలుగేళ్లు ఆ ఖాళీలో చోడి (రాగి), ఉలవ, పెసర వేసుకోవచ్చు. కాకపోతే నాగలి మొదలుకు తగలకూడదు. అక్కడ పడిన గాటు వాసనకే జీడిలో కాండం తొలిచే పురుగు వస్తుంది.

వానలు కుదురుకున్నాక, జూన్ చివరి నుంచి ఆగస్టు లోపు నాటాలి. సెప్టెంబరు దాటి నాటిన మొక్కకు వేరు పట్టకముందే తుపాన్ల కాలం వచ్చిపడుతుంది. నర్సరీలో పొడవైన మొక్కను కాకుండా మొదలు లావుగా ఉన్నదాన్ని ఎంచుకోండి. సంచి కోసి అడుగు చూడండి: వేరు కొస కొంచెం మెలి తిరిగి ఉంటే ఆ మెలి వరకు కత్తిరించి నాటవచ్చు. వేర్లన్నీ గుండ్రంగా చుట్టుకుని గట్టిపడి ఉంటే ఆ మొక్క వద్దు. నాటాక కూడా వేళ్లు అలాగే చుట్టుకుంటూ పెరుగుతాయి. పదేళ్ల చెట్టు వేళ్లు తెగకుండానే ఊడిపోవడానికి కారణం ఇదే.

అంటు కట్టిన చోటు నేలకు కనీసం 5 సెంటీమీటర్లు పైన ఉండాలి. చుట్టూ మట్టిని అదిమి, మొదట్లో నీరు నిలవకుండా కాస్త ఎత్తు చేయండి. వాలు నేలైతే దిగువ వైపున అర్ధచంద్రాకారంలో గట్టు వేస్తే సరిపోతుంది. రెండు పక్కలా వెదురు కర్రలు పాతి, గోనె తాడుతో వదులుగా కట్టండి. బిగించి కట్టిన మొక్క గాలికి ఊగదు, ఊగకపోతే మాను లావెక్కదు. ఏడాది తర్వాత కర్రలు తీసేయండి. టేపు మాత్రం మూడు నాలుగు నెలలకే తీయాలి. లేకపోతే అది మానును కొరికేసి, సరిగ్గా అక్కడే విరుగుతుంది. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లను పదిహేను రోజులకోసారి లేతగా ఉండగానే చేత్తో గిల్లేయండి. మొదటి వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్లు, మొదలుకు జానెడు దూరంలో ఎండాకుల పరుపు ఉంటే చాలు.

జీడిలో మొదటి రెండేళ్ల పూతను తుంచేయాలి. మానును 75 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు కొమ్మలు లేకుండా పెంచాలి, అయితే కింది కొమ్మలన్నీ ఒకేసారి నరకొద్దు. మానును లావు చేసేది ఆ ఆకులే. ముందు పొట్టి చేసి, రెండో మూడో ఏట తీసేయండి. ఆపైన నాలుగు దిక్కులకూ పోయే మూడు నాలుగు కొమ్మలు ఉంచండి. ఒకదానికొకటి జానెడు ఎడం ఉండాలి. ఇరుకుగా కలిసే రెండు కొమ్మల మధ్య బెరడు చిక్కుకుపోయి చెక్క అతుక్కోదు, గాలికి అదే చీలుతుంది. వేలంత లావున్నప్పుడు ఒకటి తీసేస్తే పని అయిపోతుంది. తొడంత అయ్యాక తీస్తే ఆ గాయం మానదు.

ఏటా చేసే కొమ్మ కోత పంట దిగిన వెంటనే చేయాలి: జీడికి మే చివర–జూన్, మామిడికి జూలై లోపు. వానాకాలపు చిగురు ముదిరాకే దాని కొసన పూత వస్తుంది కాబట్టి ఆలస్యమైన కోత పూతను తినేస్తుంది. ఎండిన, రోగమొచ్చిన, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలతో మొదలుపెట్టండి. పచ్చని ఆకులో నాలుగో వంతుకు మించి ఒక ఏట తీయొద్దు. తల నరికి పొట్టి చేయడం అన్నిటికంటే చెడ్డ పని: నరికిన చోట గుంపుగా చిగుళ్లు వస్తాయి, వాటి పట్టు పైపైనే ఉంటుంది, లోపల చెక్క కుళ్లుతుంది.

మణికట్టుకు మించి లావైన కొమ్మను మూడు కోతల్లో రంపంతో తీయాలి. కత్తితో నరికితే బరువుకు బెరడు మాను పొడవునా చీరుకుపోతుంది.

1. మానుకు అడుగు దూరంలో, కింది నుంచి పైకి మూడో వంతు మందం దాకా కోయండి.
2. దానికి రెండంగుళాలు బయటగా పై నుంచి కోయండి. కొమ్మ పడిపోతుంది.
3. మిగిలిన మొద్దును మాను దగ్గర తీసేయండి. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే మడత ఉంటుంది. కోత దాని బయటి అంచున పడాలి. గాయాన్ని మూసే కణజాలం ఆ మడతలోనే ఉంటుంది. మానుకు ఆనించి కోస్తే అదీ పోతుంది, మొద్దు వదిలితే ఎండి కుళ్లు లోపలికి దిగుతుంది.

పెద్ద గాయాలకు బోర్డో పేస్టు పూయండి: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం విడివిడిగా అయిదేసి లీటర్ల నీళ్లలో కలిపి, ప్లాస్టిక్ తొట్టిలో ఒకటి చేయాలి. ఇనుప పాత్ర వాడొద్దు. మెరిసే కత్తిని కాసేపు ముంచినప్పుడు రాగిరంగు పూత పడితే ఇంకాస్త సున్నం కావాలి. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడేయండి.

అయిదేళ్లలోపు వయసున్న చెట్టు తుపానుకు ఒరిగితే నాలుగైదు రోజుల్లోపే నిలబెట్టాలి. బయటపడిన వేళ్ల మీద తడి గోనె కప్పి, చిరిగిన వేళ్లను నున్నగా కత్తిరించి, కొమ్మల్లో మూడో వంతు తగ్గించాక మెల్లగా లేపి మూడు వైపులా తాళ్లు కట్టండి. తాడు బెరడును కోయకుండా పాత సైకిల్ ట్యూబు చుట్టాలి. జీడి మాను మొదట్లో రంపపుపొట్టు, బంక కనిపిస్తే వంచిన ఇనుపతీగతో కాండం తొలిచే పురుగును లాగేసి, లీటరు నీటికి 50 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి మీటరు ఎత్తు దాకా పూయండి. పురుగు తిని చచ్చిన చెట్టును తోటలో ఉంచొద్దు. లోపలున్న పురుగులు రెక్కలొచ్చి పక్క చెట్టు ఎక్కుతాయి.